ఇప్పపువ్వు రుచికి ఊరిపేరు

పొరుగింటి పుల్లకూరకు రుచి ఎక్కువని సామెత. ఆ పొరుగిల్లు సముద్రాల అవతల ఉంటే రుచి మరింత పెరుగుతుంది కాబోలు. ఇటలీ దేశపు ఎర్ర వైనులైన కియాంటి, బరోలో పేర్లు, వాటిని ఏనాడూ ముట్టనివారికి సైతం ఎప్పుడో ఒకప్పుడు చెవిన పడే ఉంటాయి. ఏ వైను ఏ పరిమళం గలది, దానికి ఏ వంటకం తోడు కావాలి అన్న విషయంపై గ్రంథాలకు గ్రంథాలే వెలువడినవి. మనం నివసిస్తున్న బిలాస్‌పూర్ పరిసరాలలోనే, ఏటా ఫాల్గుణ చైత్ర మాసాలలో, తెల్లవారకముందే నేలరాలే పువ్వు ఒకటి ఉంది. హిందీవారికి అది మహువా, సంస్కృతంలో మధూకం, మన తెలుగులో ఇప్పపువ్వు. దాని రుచిని గురించి నాలుగు మాటలు చెప్పగలవారు మన కాలనీలలో ఎందరున్నారు?

ఈ రెండు రుచులను పక్కపక్కన నిలిపి చూడాలన్నదే ఈ వ్యాసంలో మా ప్రయత్నం. మద్యపానాన్ని ప్రోత్సహించడం మా ఉద్దేశం కాదని ముందుగానే మనవి చేస్తున్నాము. అయితే ఒక పువ్వు రుచిని సరిగా గుర్తించడం వెనుక, దానిని ఏరుకొని బతికే కుటుంబాల గౌరవమూ, ఆ చెట్టు మనుగడా దాగి ఉన్నవని మా విశ్వాసం.

ఇటలీవారి లెక్క

ఎర్ర వైను రుచిని మన షడ్రుచుల భాషలోనే సులభంగా అర్థం చేసుకోవచ్చు. అందులో ముఖ్యమైనవి రెండు: పులుపు, వగరు. ద్రాక్షరసంలోని ఆమ్లాల వల్ల పులుపు, తోలులోను గింజలలోను ఉండే టానిన్ల వల్ల వగరు కలుగుతాయి. నేరేడుపండు తిన్నప్పుడు, వక్క నమిలినప్పుడు నాలుక బిగుసుకొన్నట్లు అనిపించడం మనందరికీ అనుభవమే. టానిన్లు లాలాజలంలోని మాంసకృత్తులను పట్టుకొనడం వలన నోటిలోని జిగి తగ్గి అలా అనిపిస్తుంది.

టస్కనీ ప్రాంతపు కియాంటి వైనుకు మూలం సాంజొవేసె అనే ద్రాక్ష. పుల్లని చెర్రీపండు, ఎండిన ఆకుల వాసన దాని లక్షణాలు. ఆ పులుపు టమాటా వంటకాలలోని పులుపుతో జత కలుస్తుంది. నిప్పుల మీద కాల్చిన మాంసం తింటున్నప్పుడు ఆ మాంసంలోని కొవ్వు, మాంసకృత్తులు వైనులోని వగరును మెత్తబరుస్తాయి. కనుకనే ఫ్లారెన్సు నగరవాసులు కాల్చిన మాంసానికి దానిని తోడు చేసుకొన్నారు. పీడ్‌మాంట్ ప్రాంతపు బరోలోకు మూలం నెబ్బియోలో ద్రాక్ష. గులాబీ, తారు వాసనలు కలగలిసిన పరిమళం దానిది. వగరు చాలా ఎక్కువ కనుక, కనీసం 38 నెలలు నిలవ ఉంచిన తరువాతనే, అందులోనూ 18 నెలలు కొయ్య పీపాలలో ఉంచిన తరువాతనే, దానిని ఆ పేరుతో అమ్మాలని నియమం. నెమ్మదిగా ఉడికించిన మాంసం, ఆల్బా పట్టణపు తెల్లని ట్రఫుల్ పుట్టగొడుగులు దానికి తోడు.

ఇందులో గమనించవలసిన అంశం ఒకటున్నది. ఈ జతలను ఏ పండితుడూ కూర్చుని నిర్ణయించలేదు. ఒకే నేలపై పండిన తిండి, ఒకే నేలపై పండిన ద్రాక్ష తరతరాలుగా ఒకే బల్లపై కలుసుకొన్నాయి. ఆ కలయికకు తరువాత నియమాలు, సరిహద్దులు ఏర్పడినవి. 1716లో టస్కనీ ప్రభువు మూడవ కోసిమో ఒక శాసనం చేసి, కియాంటి అనే పేరు ఏ ఊళ్ల వైనుకు చెల్లునో హద్దులు గీశాడు. అనగా రుచికి ఊరిపేరు దక్కింది. ఊరిపేరు దక్కిన రుచికి వెల దక్కింది.

రైలుదారి వెంట ఇప్పచెట్లు

ఇక మన నేలకు వద్దాము. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ ఈ ప్రాంతానికి ఇనుపదారి తెచ్చింది. 1931లో విజయనగరం – రాయపూర్ మార్గం పూర్తి కావడంతో ఉత్తరాంధ్ర నుండి ఛత్తీస్‌గఢ్‌కు తిన్నని దారి ఏర్పడింది. రైల్వే ఉద్యోగాలకై వచ్చిన తెలుగు కుటుంబాలు బిలాస్‌పూర్ రైల్వే బస్తీలో తరతరాలుగా స్థిరపడినవి. 1985లో సౌత్ ఈస్టర్న్ కోల్‌ఫీల్డ్స్ సంస్థ ప్రధాన కార్యాలయం ఇక్కడ ఏర్పడింది. సమీపంలోని సీపత్‌లో ఎన్టీపీసీ వారి విద్యుత్ కేంద్రం వెలసింది. 2003 ఏప్రిల్ నుండి ఆగ్నేయ మధ్య రైల్వేకు బిలాస్‌పూర్ ముఖ్య కేంద్రమైనది. బొగ్గు, విద్యుత్తు, రైలు అనే మూడు పనుల మీద నడిచే ఊరిది.

ఈ ఊరి నుండి కట్నీ వైపు వెళ్లే బండి ఎక్కి, బెల్గహనా, ఖోంగ్‌సరా, భన్వార్‌టంక్ స్టేషన్ల మీదుగా పెండ్రా రోడ్డు చేరేవరకు కిటికీ పక్కన కూర్చుంటే సాల వృక్షాల అడవి, దాని అంచులలో ఇప్పచెట్లు కనిపిస్తాయి. మార్చి నెలలో ఆ చెట్లకు ఆకులు రాలిపోయి, కొమ్మల చివర గుత్తులు గుత్తులుగా పూత వేలాడుతుంది. వెన్నెల రంగు, కండగల రేకులు, నమిలితే తేనెపాకం. సపోటా చెట్టు కుటుంబానికే ఇప్పచెట్టు కూడా చెందినదని వృక్షశాస్త్రం చెబుతున్నది. ఆ తీపిని రుచి చూసినవారికి ఆ బంధుత్వం ఆశ్చర్యం కలిగించదు.

పువ్వు రాత్రివేళ విచ్చుకొని తెల్లవారుజామున రాలుతుంది. గోండు, బైగా, కంవర్ కుటుంబాల స్త్రీలు, పిల్లలు వెదురు బుట్టలతో చీకటి ఉండగానే చెట్టు కిందికి చేరుకొంటారు. ఆలస్యమైతే పశువులు, జింకలు, ఎలుగుబంట్లు తమ వాటా తాము తీసుకొంటాయి. ఏరిన పువ్వును నాలుగైదు రోజులు ఎండలో ఆరబెడితే ఎండుద్రాక్ష వలె ముడుచుకొని గోధుమరంగుకు తిరుగుతుంది. ఎండిన పువ్వు బరువులో సగానికి పైగా చక్కెరలే. అచానక్‌మార్ అడవి పల్లెలలో ఏ చెట్టు ఏ కుటుంబానిదో ఊరందరికీ తెలిసి ఉంటుంది.

తీపి ఎక్కడికి పోతుంది?

ఇంతటి తీపి గల పువ్వు నుండి దించిన సారా తియ్యగా ఉండదు. కారణం తెలుసుకొంటే దాని రుచి మర్మం తెలిసినట్లే.

ఎండు పువ్వును కుండలలో నీరు పోసి కొన్ని రోజులు నానబెడతారు. పులిసే క్రమంలో చక్కెర మద్యసారంగా మారుతుంది. తరువాత కట్టెల పొయ్యిపై కాచి, ఆవిరిని చల్లని నీటి పాత్ర సాయంతో తిరిగి ద్రవంగా మారుస్తారు. చక్కెర ఆవిరి కాదు. అది కుండలోనే మిగిలిపోతుంది. ఆవిరితో పైకి వచ్చేది మద్యసారము, పువ్వు పరిమళము మాత్రమే. కనుక ముక్కుకు తీపి తోచినా నాలుకకు తీపి తగలదు. ఎండు పువ్వు వాసన, తడిమట్టి వాసన, కట్టెపొగ వాసన, వాటి అడుగున కస్తూరి వంటి ఘాటు – ఇది ఇప్పసారా లక్షణం. అలవాటు లేనివారికి ఆ ఘాటు మొదట ఎబ్బెట్టుగా తోస్తుంది. మన ఇంగువ వాసన కొత్తవారికి ఎలాగో ఇదీ అలాగే.

వైనుకు, దీనికి గల ముఖ్యభేదం ఇక్కడే ఉన్నది. వైనులో పులుపు, వగరు ఉంటాయి. ఆవిరిపట్టి దించిన ద్రవంలో ఆ రెండూ దాదాపు ఉండవు. కావున వగరును మెత్తబరచే కొవ్వుమాంసం దీనికి అవసరం కాదు. దీనిలో లేనిదేమిటి? ఉప్పు, పులుపు, కడుపునిండే ఆధారం. ఆ లోటును పూరించే వంటకాలే దీనికి సహజమైన జతలు. అడవి పల్లెలవారు ఈ సూత్రాన్ని పుస్తకంలో రాసుకోలేదు గాని, వారి ఆకు దొప్పెలను గమనిస్తే అదే కనిపిస్తుంది.

తోడు వంటకాలు

మొదటిది వేయించిన శనగలు. ఉప్పు, కరకరలాడే గుణం, మెల్లగా జీర్ణమయ్యే పప్పుధాన్యం. మూడూ ఒకచోట ఉన్నవి. ఖాళీ కడుపుతో పుచ్చుకొనే మద్యం త్వరగా రక్తంలో కలుస్తుందని వైద్యులు చెబుతారు. పిడికెడు శనగలు ఆ వేగాన్ని కొంత తగ్గిస్తాయి.

రెండవది పులుపు. ఛత్తీస్‌గఢీ భాషలో టమాటాను పతాల్ అంటారు. నిప్పులపై కాల్చిన పతాల్‌ను పచ్చిమిర్చి, వెల్లుల్లి, కొత్తిమీరతో రాతిపై నూరిన పచ్చడి ఇక్కడి ప్రతి ఇంటిలోనూ ఉంటుంది. కియాంటికి టమాటా జత అయినట్లే ఇప్పకు పతాల్ జత అయినది. టమాటా అమెరికా ఖండం నుండి అటు ఇటలీకి, ఇటు మనకు వలస వచ్చిన కాయ అని గుర్తుచేసుకొంటే ఈ పోలిక మరింత ముచ్చట గొలుపుతుంది. గోంగూర జాతికి చెందిన అమారీ భాజీ మరొక పుల్లని తోడు. తెలుగు ఇల్లాలు దానిని చూచిన వెంటనే చేతి సంచిలో వేసుకొంటుంది. దక్షిణాన బస్తర్‌లోనైతే చెట్టు ఆకుల గూళ్ల నుండి దులిపిన ఎర్రచీమలను ఉప్పు, మిర్చితో నూరి చాప్‌డా పచ్చడి చేస్తారు. చీమలలోని ఫార్మిక్ ఆమ్లమే ఆ పులుపుకు మూలం.

మూడవది పొగ తగిలిన ఉప్పదనం. నిప్పులపై కాల్చిన ఎండుచేపలు, వాగుచేపలు ఇందుకు ఉదాహరణ. పువ్వు సారాలోని కట్టెపొగ వాసనకు చేపలోని పొగ వాసన తోబుట్టువు. తొలకరిలో సాల వృక్షాల కింద మట్టిని చీల్చుకొని లేచే పుట్టు అనే పుట్టగొడుగుల కూర కూడా ఈ కోవలోనిదే. బరోలోకు ఆల్బా ట్రఫుల్ ఎట్టిదో ఇప్పకు పుట్టు అట్టిది. రెండూ నేల అడుగున పుట్టి మట్టివాసనతో నోటికి వచ్చేవే.

నాలుగవది మెత్తని బియ్యపు ఆధారం. బియ్యప్పిండి ముద్దను ఆకులలో చుట్టి నిప్పులపై కాల్చిన అంగాకర్ రొట్టె, మన అట్టును పోలిన చీలా ఇందుకు ఉపకరిస్తాయి. దీనికి శాస్త్రీయ కారణం ఉంది. మిరపలోని కారమూ, మద్యసారమూ నోటిలో ఒకే వేడి గ్రాహకాన్ని తాకుతాయి. రెండూ కలిస్తే మంట పెరుగుతుంది. దానిని చల్లార్చడానికి నీరు పనికిరాదు, పిండివంట పనికివస్తుంది.

ఈ వంటకాలన్నిటికంటె ముందు జరిగే పని మరొకటి ఉంది. దొప్పె నోటికి చేరకముందు నాలుగు చుక్కలు నేలపై విడుస్తారు. అవి దేవతలకు, పితరులకు చెందిన భాగం. పుట్టుక, పెళ్లి, చావు, పంట అనే నాలుగు సందర్భాలలోనూ ఆ చుక్కలు నేలను చేరవలసిందే. మితం అన్నది ఆ ఆచారంలోనే ఇమిడి ఉండేది. ఒంటరిగా గది తలుపు మూసుకొని తాగే అలవాటు అడవి నేర్పినది కాదు.

పువ్వు మొదట అన్నం

సారా అన్న ఒక్క మాటతో ఇప్పపువ్వు కథ ముగించడం అన్యాయం. అది మొదట ఆహారం, తరువాతనే పానీయం. ఎండు పువ్వును వేయించి నువ్వులతో దంచి ఉండలు చేస్తారు. చింతగింజలతో ఉడికించి తింటారు. కరువు కాలంలో ధాన్యం అడుగంటినప్పుడు ఈ పువ్వు, దాని చక్కెర ఎన్నో ప్రాణాలు నిలిపినవి. గింజల నుండి తీసే ఇప్పనూనె వంటకు, దీపానికి, ఒంటికి రాసుకొనేందుకు ఉపయోగపడుతుంది.

బిలాస్‌పూర్ పట్టణంలోనే దీనికి ప్రబల నిదర్శనం ఉన్నది. ఉత్తరాది లెక్కలో భాద్రపద కృష్ణ షష్ఠి, మన పంచాంగం ప్రకారం శ్రావణ బహుళ షష్ఠి నాడు, ఛత్తీస్‌గఢ్ తల్లులు బిడ్డల క్షేమం కోరి కమర్‌ఛఠ్ వ్రతం చేస్తారు. ఆనాడు నాగలి తాకిన నేలలో పండినది తినరాదు. కావున దున్నకుండా మొలిచే పసహర్ బియ్యం, ఆరు రకాల ఆకుకూరలు, గేదెపాల పెరుగు వాడతారు. పూజలో పేలాలతోపాటు ఇప్పపువ్వు ఉండి తీరాలి. పళ్లు తోముకొనే పుల్ల, ప్రసాదం పెట్టే ఆకు సైతం ఇప్పచెట్టువే. ఆ వారమంతా బుధ్‌వారీ బజారు వంటి అంగళ్లలో ఇప్పపువ్వు పూజాద్రవ్యంగా దర్శనమిస్తుంది. కుమారసంభవంలో పార్వతి పెళ్లి అలంకారానికి కాళిదాసు మధూకమాలను ఎంచుకొన్నాడు. మంగళద్రవ్యంగా వెలిగిన పువ్వు మన నోట తిట్టుమాట ఎలా అయినది?

తెలంగాణలో ఆదిలాబాద్ ప్రాంతపు ఉట్నూరు మహిళలు సహకార సంఘంగా ఏర్పడి ఇప్పపువ్వు లడ్డూలు తయారు చేస్తున్నారు. రక్తహీనత నివారణకై ఆశ్రమ పాఠశాలల బాలికలకు వాటిని అందజేశారు. పువ్వును తిరిగి అన్నపు వరుసలో కూర్చోబెట్టిన ఘనత ఆ మహిళలది.

సారా అన్న మాట

తెలుగువారికి సారా అనగానే వేరొక చరిత్ర గుర్తుకు వస్తుంది. నెల్లూరు జిల్లా దూబగుంట గ్రామ స్త్రీలు ప్రారంభించిన ఉద్యమం 1992లో రాష్ట్రమంతటా వ్యాపించింది. 1993లో ఆంధ్రప్రదేశ్‌లో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం అమలులోకి వచ్చినవి. 1997లో సంపూర్ణ నిషేధం సడలినా, ఆ స్త్రీలు వేసిన ప్రశ్న సడలలేదు. కూలి డబ్బు ఇంటికి చేరకముందే దుకాణానికి చేరడం, ఆ తరువాత ఇంటిలో జరిగేది, వారికి ప్రత్యక్షంగా తెలుసు. రుచి గురించి రాసేవారెవరూ ఆ సత్యాన్ని పక్కకు నెట్టరాదు.

ఆరోగ్యశాస్త్రం మాట కూడా స్పష్టమే. మద్య పానీయాలు కేన్సర్ కారకాలని అంతర్జాతీయ కేన్సర్ పరిశోధన సంస్థ 1988లోనే నిర్ధారించింది. ఇంత వరకు తాగితే హాని లేదని చెప్పగల పరిమాణం ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో ప్రకటించింది. కియాంటికైనా ఇప్పకైనా ఈ మాట ఒకటే. నల్లబెల్లం, నవాసాగరం కలిపి అంగడిలో అమ్మే కల్తీ సరుకు మాట చెప్పనే అక్కరలేదు. మిథనాల్ కలిసిన సారా చూపును, ప్రాణాన్ని హరిస్తుంది. ఇక గనిలోను, బాయిలర్ వద్దను, ఇంజను మీదను పనిచేసేవారు విధికి ముందు, విధిలో దీనిని తలచనే కూడదు.

చట్టం కూడా ఈ భేదాన్ని గుర్తించింది. షెడ్యూల్డు తెగలవారు సొంత వాడకానికి, ఆచారాలకు పరిమితంగా ఇప్పసారా కాచుకొనడానికి ఛత్తీస్‌గఢ్‌లో మినహాయింపు ఉన్నది. అమ్మకం మాత్రం నేరం. పొరుగున ఉన్న మధ్యప్రదేశ్ ప్రభుత్వం 2021లో మరొక అడుగు వేసి, ఇప్ప మద్యాన్ని వారసత్వ మద్యంగా గుర్తించి, గిరిజన స్వయం సహాయక బృందాల ద్వారా తయారీకి పూనుకొన్నది. దాని మంచిచెడ్డలను కాలమే తేల్చాలి.

చెట్టు నిలిస్తేనే

2021లో ఒక విశేషం జరిగింది. కోర్బా, కట్‌ఘోరా, సర్గుజా, పాసాన్, పాలీ, చుర్రీ అడవులలో గిరిజనులు ఏరి ఎండబెట్టిన ఇప్పపువ్వు ఓడలో ఫ్రాన్సు దేశానికి ఎగుమతి అయినది. ఈ ఊళ్లలో చాలావరకు మన బొగ్గు ప్రాంతానికి చెందినవే. వైనుకు పుట్టినిల్లని చెప్పుకొనే దేశం మన కోర్బా అడవి పువ్వును కోరి తెప్పించుకొన్నదన్నమాట. పొరుగింటి పుల్లకూర సామెత ఇక్కడ తిరగబడింది.

అయితే ఎగుమతికి పనికివచ్చే పువ్వు శుభ్రమైనదై ఉండాలి. పువ్వు తేలికగా కనబడాలని చెట్టు కింది ఎండుటాకులను తగులబెట్టడం పాత అలవాటు. ఆ నిప్పు అడవికి పాకుతుంది, పువ్వుకు మసి పడుతుంది, నిరుటి గింజ నుండి మొలిచిన ఇప్పమొక్క మాడిపోతుంది. గింజలను కూడా నూనెకై ఏరుకొంటారు కనుక కొత్త మొక్క లేచే అవకాశం మరింత తగ్గుతుంది. పెద్ద చెట్లు ముసలివవుతున్నాయి, వాటి కింద పిల్లచెట్లు కనబడడం లేదు. చెట్టు కింద వల కట్టి పువ్వును నేల తాకకుండా పట్టే పద్ధతి ఈ చిక్కులను తప్పిస్తుంది. మట్టి అంటదు, నిప్పు అవసరం లేదు. శుభ్రమైన పువ్వుకు మంచి ధర కూడా లభిస్తుంది.

ఇక్కడ మనకూ ఒక బాధ్యత ఉన్నది. గని, విద్యుత్ కేంద్రం, రైలుదారి – ఏది నిర్మించినా కొంత అడవి పోతుంది. బదులుగా మొక్కలు నాటుతాము. త్వరగా ఎదిగి లెక్కలో చూపించుకోదగిన జాతులవైపు చేయి పోవడం సహజం. ఇప్పమొక్క అలా ఎదిగేది కాదు. పూతకు రావడానికే పదేళ్లకు పైబడుతుంది, నిండుగా పూయడానికి మరెన్నో ఏళ్లు పడుతుంది. కాని ఒకసారి పూసిన చెట్టు ఒక కుటుంబానికి కొన్ని తరాలపాటు మార్చి నెల సంపాదన. నాటిన మొక్కల పట్టికలో ఎన్ని ఇప్పమొక్కలు ఉన్నవో అడిగే అలవాటు మన విభాగాలన్నిటా రావాలి. వనమహోత్సవం నాడు అధికారుల చేతికి అందించే మొక్కలలో ఒకటి ఇప్పమొక్క అయితే అంతకంటె శోభ లేదు.

టస్కనీ ద్రాక్షకు 1716లో ఊరిపేరు కట్టబెట్టినవాడు ఒక ప్రభువు. మన పువ్వుకు అట్టి ప్రభువు అవసరం లేదు. దాని రుచిని తెలిసి గౌరవంగా పలికే నోరు, ఫలానా అడవి పువ్వని పేరు చెప్పి న్యాయమైన వెల ఇచ్చే చేయి, చెట్టును నిలబెట్టే ఓర్పు ఉంటే చాలును. ఈసారి బుధ్‌వారీ బజారులో ఇప్పపువ్వు గంప కనబడినప్పుడు, పాఠకమిత్రులు ముఖం తిప్పుకొనక, అది ఏ ఊరి అడవిదో ఆ అమ్మ నడిగి తెలుసుకొందురుగాక. ఒక గుప్పెడు ఇంటికి తెచ్చి నువ్వులతో ఉండలు చేసి పిల్లలకు పెట్టుదురుగాక. రుచికి ఊరిపేరు దక్కడం అక్కడినుండే మొదలవుతుంది.